మునికృష్ణ దాచిన కాగితం

బయ్యమ్మ కూతురు మునీశ్వరికి కుప్పంలో ఉద్యోగం వచ్చింది దొంగ కాగితంతోనని, ఆ కాగితాన్ని ఫ్యాక్సు అంగడి మునికృష్ణ తన కంప్యూటరులో పుట్టించాడని పుంగనూరులో ఒక మాట తిరుగుతోంది. నిన్న చింతపండు మండీ దగ్గర విన్నాను. ఈరోజు పొద్దున పాలు పోయించుకుంటూ మళ్ళీ విన్నాను. చెప్పిన ఇద్దరూ కళ్ళతో చూసినవాళ్ళు కారు. చూసినదాన్ని నేను. ఆ కాగితం మొదటిసారి వచ్చిన రోజు అంగడిలో ఉన్నాను, ఏడేళ్ళ తర్వాత అది మళ్ళీ బయలుదేరిన రోజూ ఉన్నాను. ఈ మాట ఇట్లాగే నడిచి కుప్పం చేరిందంటే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది, మునికృష్ణ అంగడికి తాళం పడుతుంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మునికృష్ణది సదుం పక్కన పల్లె. వానను నమ్ముకుని చెనక్కాయ వేసే ఇల్లు. పదో తరగతి అయ్యాక సేద్యం వద్దనుకుని మదనపల్లెకు పోయి, రేడియోలూ టెలిఫోన్లూ బాగుచేసే ఒకాయన దగ్గర ఆరేళ్ళు పని నేర్చుకున్నాడు. అక్కడ అతని పక్క స్టూలు మీద కూర్చుని నేర్చుకున్నవాడే సుదర్శన్. సుదర్శన్ మదనపల్లెలోనే అంగడి పెట్టుకున్నాడు. మునికృష్ణ పందొమ్మిది వందల తొంభై ఆరులో మా ఇంటికి ఎదురుగా పెట్టాడు. పసుపుపచ్చ బోర్డు మీద ఎస్టీడీ, జిరాక్సు, ఫ్యాక్సు అని మూడే మాటలు. మనిషి కూడా అంతే, మూడు మాటలకు మించి మాట్లాడడు. పాత శుభలేఖలు కత్తిరించి, ఏ వైరు ఎక్కడిదో వాటి మీద రాసి, ప్రతి వైరుకూ మేకపిల్ల మెడలో బిళ్ళ కట్టినట్టు కట్టేవాడు. ఎవరి పెళ్ళో అయిపోయిన ఆ ముక్కలు చదవడం నాకొక కాలక్షేపం. ఆ అంగడిలో నాకు పని ఉన్న రోజులు తక్కువ, పోయిన రోజులు ఎక్కువ.

ఆ రోజుల్లో ఫ్యాక్సు కాగితం నున్నగా, చుట్టుకుపోతూ, వెచ్చగా వచ్చేది. దాని మీద సిరా ఉండదు. వేడికి అక్షరం లేస్తుంది, మళ్ళీ వేడి తగిలితే పాడవుతుంది. ఏళ్ళు గడిస్తే దానంతట అదే వెలిసిపోతుంది. ఎండలో పెట్టొద్దు, జిరాక్సు తీసి పెట్టుకోండి అని మునికృష్ణ వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు. తన జిరాక్సుకు గిరాకీ కోసం చెబుతున్నాడని మేమంతా నవ్వుకునేవాళ్ళం. అసలు కాగితం చేతిలో ఉండగా నకలు ఎందుకని బయ్యమ్మ కూడా అనుకుంది.

రెండు వేల సంవత్సరంలో అతను ఒక పాత కంప్యూటరు కొన్నాడు. అందులో వేసిన సిస్టం కొన్నది కాదు, ఏదో కంప్యూటరు పత్రికతో పాటు ఊరికే వచ్చిన సీడీ. తెర మీద పొట్ట తెల్లగా ఉన్న ఒక పక్షి బొమ్మ కనిపించేది. ఈ పక్షి ఏంది అని అడిగితే, అది పెంగ్విను అని, ఆ సిస్టం పేరు లినక్సు అని చెప్పాడు. దాని యజమాని ఎవరని అడిగాను.

"యజమాని లేడు పెద్దమ్మా. సేసినోళ్ళు శానామంది ఉండారు. కావాల్సినోళ్ళు తీసుకోవచ్చు, బాగుసేసి ఇంకొకరికి ఇయ్యచ్చు."

ఊరికే ఇచ్చేదానిలో ఏదో మెలిక ఉంటుందని నాకు అనుమానం. ఆ అనుమానంతోనే ఇంకా ఎక్కువ పోవడం మొదలుపెట్టాను.

రెండు వేల ఒకటి ఎండాకాలంలో బయ్యమ్మ కాగితం వచ్చింది. ఆమె మొగుడు ఆదినారాయణ కుప్పంలో ఒక గ్రానైటు కంపెనీలో రాళ్ళకు పాలిష్ పట్టేవాడు. జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. పిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండి, పదో తరగతి పాసై ఉంటే ఆఫీసులో ఉద్యోగం ఇస్తామని ఆ కంపెనీ ఇంగ్లీషులో రాసి పంపింది. మునికృష్ణ దాన్ని చదివి తెలుగులో చెప్పాడు. మునీశ్వరికి అప్పుడు పదకొండేళ్ళు. బయ్యమ్మ ఏడుస్తూ కాగితానికి చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు. ఒక్క నిమిషం ఉండక్కా అని, అప్పుడే యంత్రం నుంచి వచ్చిన కాగితాన్ని తిరిగి అదే యంత్రంలో పెట్టాడు. అది కీచుమని కూసింది. కాగితం లోపలికి పోయి కిందినుంచి బయటికి వచ్చింది. అప్పుడు ఇచ్చాడు.

అంగడికి వచ్చిన కాగితాన్ని మళ్ళీ పంపుతున్నాడంటే ఎవరికో పంపుతున్నట్టే కదా. కొళాయి దగ్గర బిందె నిండేలోపల ఎవరో ఆ మాట అన్నారు. సాయంత్రానికి అది బస్టాండు చేరేసరికి, మన కాగితాలన్నీ మదనపల్లె టమోటా మార్కెట్టుకు పోతున్నాయని ఒకరు, పన్నుల ఆఫీసుకు పోతున్నాయని ఒకరు. చింతపండు వ్యాపారి గోపాలస్వామి ఆ వారమే వేరే అంగడికి మారిపోయాడు. మునికృష్ణ భార్య మాధవి అంగడి ముందు నీళ్ళు చల్లి, ఎవరూ రాని గుమ్మం వైపు చూస్తూ నిలబడేది.

పది రోజులకు మునికృష్ణ రోడ్డు దాటి మా ఇంటికి వచ్చి నన్ను పిలుచుకుపోయాడు. స్టూలు వేసి కూర్చోబెట్టాడు. గోడలో ఉన్న టెలిఫోను వైరును ఊడబెరికి ఆ కొనను నా చేతిలో పెట్టాడు.

"గట్టిగా పట్టుకోండి పెద్దమ్మా. ఊర్లోకి పోయే దారి ఇదొక్కటే. ఇది మీ సేతిలోనే ఉండాది."

తర్వాత ఇంకొక చిన్న వైరుతో ఫ్యాక్సు యంత్రాన్ని బల్ల కింద ఉన్న కంప్యూటరుకు కలిపాడు. మా ఇంటి పన్ను రసీదు అడిగి తీసుకుని యంత్రంలో పెట్టాడు. అదే కూత. కొంతసేపటికి మా రసీదు, చీలిన మూలతో సహా, కంప్యూటరు తెర మీదికి వచ్చింది.

"ఇంక సెప్పండి. యాడికి పోయింది?"

బల్ల మీది నుంచి బల్ల కిందికి పోయింది. అంతే. కాగితాన్ని చూసి బొమ్మ తీసే స్కానరు కొనే స్తోమత లేక, ఫ్యాక్సు యంత్రంతోనే ఆ పని చేయిస్తున్నాడు. కంప్యూటరు తనకు ఫ్యాక్సు వస్తోందనుకుని దాన్ని దాచుకుంటుంది. ఆ ఉచిత సీడీలోనే అందుకు పనిముట్టు ఉందట. వెలిసిపోయే కాగితాలు కదా, ఎప్పుడైనా ఎవరికైనా అవసరం పడుతుందని, ముఖ్యమైనవి అనిపించినవి అట్లా దాస్తున్నాడు. ముందు అడగకపోవడం తన తప్పేనని, వద్దన్నవాళ్ళవి వాళ్ళ ఎదురుగానే చెరిపేస్తానని చెప్పాడు.

ఆ సాయంత్రం నేను గడప గడపకూ పోయి చెప్పాను. కొందరు పోయి చెరిపించుకున్నారు. బయ్యమ్మను కూడా పోయి చెరిపించుకోమన్నాను. అందరితో పాటు తానూ ఆయన మీద నోరు పారేసుకున్నదట, ఏ ముఖం పెట్టుకుని పోవాలని ఆమె పోలేదు. ఆ మొహమాటానికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఏడేళ్ళు గడిచాయి. అందరి చేతుల్లోకీ సెల్లులు వచ్చాయి, ఎస్టీడీ గిరాకీ పడిపోయింది. రెండు వేల ఎనిమిదిలో మా వీధి రోడ్డు వెడల్పు చేస్తూ తవ్విన ప్రతిసారీ టెలిఫోను తీగలు తెగేవి. వారాల తరబడి లైను ఉండేది కాదు. మునికృష్ణ మదనపల్లెకు పోయి వేలెడంత డేటా కార్డు కొనుక్కొచ్చాడు. సెల్లు సిగ్నలు మీద నెట్ తెచ్చే వస్తువు. తీరా గుచ్చితే అతని కంప్యూటరుకు అది ఏందో తెలియలేదు. దాని సాఫ్టువేరు దాని లోపలే దాచి పంపుతారట, అందుకని గుచ్చగానే అది నేను సీడీని అని చెబుతుందట. నువ్వు సీడీవి కావు, నెట్ తెచ్చే మోడెమువి అని దానికి ఎవరో చెప్పాలి. అందరి కంప్యూటర్లలో ఆ పని కంపెనీ సాఫ్టువేరు చేస్తుంది. ఈ పక్షి కంప్యూటరు కోసం ఆ కంపెనీ ఏమీ చేయలేదు.

పదకొండు రోజులు కుస్తీ పట్టాడు. అన్నం చల్లారిపోతోందని మాధవి వచ్చి నాతో చెప్పుకునేది. చివరికి మదనపల్లెలో సుదర్శన్ అంగడి నుంచి, లినక్సు వాడేవాళ్ళంతా నెట్‌లో రాసుకునే చోట తన కష్టం రాశాడు. రెండో రోజుకు ఎవరో జవాబు రాశారు. నాలుగు వరుసలు. అవి ఉన్నవి ఉన్నట్టు కొట్టగానే కార్డు మీద చిన్న దీపం వెలిగింది. ఎవరు రాశారని అడిగాను. పేరు తప్ప ఏమీ తెలియదన్నాడు, ఏ దేశమో కూడా తెలియదు. ఎంత ఇచ్చావని అడిగాను.

"వాళ్ళు అడగల్యా పెద్దమ్మా. ఇంకెవరన్నా ఇట్లే తగులుకుంటే నువ్వు సెప్పు అన్నారు."

ఆ సంవత్సరమే మునీశ్వరికి పద్దెనిమిది నిండాయి. కార్తీక మాసంలో ఒక గురువారం తల్లీకూతుళ్ళు పొద్దున్నే బస్సెక్కి కుప్పం పోయారు. ఆఫీసు తెరవడానికి ఇంకా గంట ఉంది. బస్టాండు పక్కన లామినేషను అంగడి చూసి, పెద్దవాళ్ళ ముందు నలిగిన కాగితం పెట్టడం ఏం బాగుంటుందని బయ్యమ్మ దాన్ని అక్కడ ఇచ్చింది. ప్లాస్టిక్కు మధ్యన పెట్టి వేడి యంత్రంలో తోశారు. అటు పక్క నుంచి వచ్చేసరికి కాగితమంతా రొట్టెలు కాల్చే పెనంలా నల్లబడి ఉంది. ఒక్క అక్షరం లేదు. ఆ అంగడాయనకూ అర్థం కాలేదు, పాపం.

ఆఫీసులో మేనేజరు మంచివాడే. పాత ఫైళ్ళు గదినిండా ఉన్నాయి, ఉత్తరం నంబరూ తేదీ తెలియకుండా ఎక్కడని వెతకమంటావమ్మా అన్నాడట. ఉన్నవి రెండు పోస్టులు, సాయంత్రం నాలుగు గంటల రైలుకు ఆ పేర్లు తీసుకుని బెంగళూరు పోతున్నాడు. ఆలోపల ఉత్తరం నకలు ఎక్కడినుంచైనా తెప్పించుకోమన్నాడు. ఆ ఆఫీసులో నెట్ లేదు, ఫ్యాక్సు ఒక్కటే ఉంది.

ఒంటిగంటకు బయ్యమ్మ నా సెల్లుకు ఫోను చేసింది.

"నారాయణమ్మక్కా, ఆయప్ప దాన్ని సెరిపేసినాడో ఉంచినాడో అడుగక్కా. నేను అడగలేను. నా నోరు నన్నే కాల్చినట్లయింది."

నేను రోడ్డు మీద తవ్విన గుంత దాటి ఎట్లా పోయానో నాకే తెలియదు. చెరిపేశావా ఉంచావా అని మునికృష్ణను అడిగాను. కంప్యూటరులో పాత కాగితాలు దాచిన చోటు తెరిచి వెతికాడు. బయ్యమ్మ పేరు, నెల, సంవత్సరం రాసి దాచిన బొమ్మ. తెరిస్తే ఉత్తరం తెర మీదికి వచ్చింది. ఆ పైన సన్నని వరుసలో పంపిన తేదీ, గంట, కంపెనీ వాళ్ళ ఫ్యాక్సు నంబరు. అడుగున ఉత్తరం నంబరు, సంతకం. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. అయితే పంపడం ఎట్లా? లైను తెగి తొమ్మిది రోజులైంది.

అతను మదనపల్లెకు సెల్లులో మాట్లాడాడు. సుదర్శన్ లైను బాగుంది. ఇక్కడినుంచి డేటా కార్డు మీద కాగితం సుదర్శన్ కంప్యూటరుకు పోవాలి, అక్కడినుంచి ఫ్యాక్సుగా కుప్పం పోవాలి. పంపడం మొదలుపెట్టాడు. సగంలో తెగింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తెగింది. మా వీధిలో సిగ్నలు అంతే. గడియారంలో రెండుంబావు.

"పెద్దమ్మా, మీ ఇంట్లో ఇనప జల్లెడ ఉండాదా?"

నేను యాల అని అడగలేదు. జీవితంలో నేను కారణం అడగకుండా చేసిన పని అదొక్కటే అయి ఉంటుంది. రాగిపిండి జల్లెడ తెచ్చి ఇచ్చాను. పొడవాటి వైరుకు కార్డు తగిలించి, దాన్ని జల్లెడ నడుమన దారంతో కట్టి, కిటికీ కమ్మీకి సెల్లు టవరు వైపు తిప్పి పెట్టాడు. జల్లెడ సిగ్నలును కార్డు మీదికి పోగుచేస్తుందట, ఇదీ ఆ ముఖం తెలియనివాళ్ళే ఎక్కడో రాస్తే చదివాడట. కొంచెం ఎడమకు తిప్పమన్నాడు, తిప్పాను. కదలొద్దన్నాడు. జల్లెడ పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. మూడోసారి తెగలేదు.

మూడు గంటల పది నిమిషాలకు కుప్పం నుంచి ఫోను వచ్చింది. తేదీ, నంబరు చూసి ఫైలు వెతికితే కంపెనీ ఉంచుకున్న నకలు దొరికిందట. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, మేనేజరు మునీశ్వరి పేరు రాసుకున్నాడట. ఆ రెండు కాగితాలూ ఇప్పుడు అదే ఫైలులో ఉన్నాయి. దొంగ కాగితం అనేవాళ్ళు బస్సెక్కి పోయి చూసుకోవచ్చు.

మర్నాడు బయ్యమ్మ అంగడికి వచ్చింది. ఏమి చెప్పాలో తెలియక, ఆ నల్లటి లామినేషను కాగితాన్ని అతని బల్ల మీద పెట్టి నిలబడింది. అతను దాన్ని అద్దం పక్కన గోడకు మేకు కొట్టి తగిలించాడు. ఇప్పుడు ఎవరైనా లామినేషను అని అడిగితే వేలుతో దాన్ని చూపిస్తాడు. నా జల్లెడ కిటికీకే ఉంది. నేను తిరిగి అడగలేదు, కొత్తది కొనుక్కున్నాను. పిండి జల్లించేటప్పుడల్లా ఆ నాలుగు వరుసలు రాసిన మనిషి, ఎక్కడున్నా చల్లగా ఉండాలని అనుకుంటాను.

ఇంత రాసి ఒకటి దాచిపెడితే నేను రాసిన మిగతాదాన్ని ఎవరు నమ్ముతారు? ఏడేళ్ళ కిందట కొళాయి దగ్గర ఆ మాట అన్నది ఎవరో కాదు, నేనే. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఈ మధ్యాహ్నం ఇది రాయడానికి ముందు అంగడికి పోయి స్టూలు మీద కూర్చుని సూటిగా అడిగేశాను.

"మునికృష్ణా, ఆ పొద్దు నీ మీద ఆ మాట పుట్టించింది నేనేనని నీకు తెలుసునా?"

అతను ఒక శుభలేఖ ముక్క మీద ఏదో రాస్తున్నాడు. రాయడం అయ్యాక దాన్ని వైరుకు కట్టి, ముడి బిగించి, అప్పుడు తలెత్తాడు.

"తెలుసు పెద్దమ్మా. అందుకే గదా ఆ వైరు కొన మీ సేతికే ఇచ్చింది."