అత్త దిగినా లేవని కారు

ఈ రోజు బాంబూఫ్లాట్ ఫెర్రీలోకి కారెక్కించే ముందు, వెనక సీట్లో ఉన్న మా మేనత్తను దిగి నడిచి రమ్మన్నాను. నీళ్లు బాగా తగ్గి ర్యాంపు ఏటవాలుగా ఉంది. మా కారేమో వెనకవైపు నేలకు రాసుకునేంత కిందికి దిగిపోయింది. అత్త కాస్త భారీ మనిషి. "నీ బరువుకి బండి బైఠ్ గయా అత్తా" అని అందరి ముందూ నవ్వాను కూడా.

ఆవిడ చేపల సంచితో నడిచొచ్చి, ఫెర్రీలో కారు పక్కన నిలబడి అడిగింది.

"ఒరే, నాను దిగిపోనాను గదా, ఇదింకా కూలబడే ఉందేటిరా?"

నిజమే. ఈ కారుకు వెనక స్ప్రింగుల బదులు గాలి సంచులుంటాయి. బరువు పడితే సెన్సర్ కనిపెడుతుంది, చిన్న పంపు గాలి నింపి మళ్లీ సమానంగా లేపుతుంది. అంటే ఎవరెక్కినా కుంగకూడదు. అవతలి ఒడ్డున మెకానిక్ సబ్బునీళ్లు చల్లితే, సంచి చిట్లినచోట బుడగలొచ్చాయి.

"తప్పయిపోయిందత్తా" అన్నాను. "పోన్లేరా" అంది. కానీ ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాక, కంచంలో సగం అన్నం తీసి గిన్నెలో వేసేసింది.

సంచి మారిస్తే కారు లేస్తుంది. ఆ సగం అన్నం మళ్లీ అత్త కంచంలోకి ఎలా తేవాలో, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.