జరీ పోగు గాలం

మా ఆయన గాలానికి వానపాము గుచ్చేవాడు కాదు. చిన్న కొక్కేనికి కోడి ఈక, దారం చుట్టి అచ్చం ఈగలా తయారు చేసేవాడు. మెరుపు కోసమని నా పెళ్లి పట్టుచీర అంచులోంచి జరీ పోగు లాగాడు. ఆ రోజు నా చేత బాగా తిట్లు తిన్నాడు.

ఎండాకాలం వస్తే, కెనడాలో మేముండే బ్రాంప్టన్ నుంచి పైకి, కొండల్లో ఒక వాగుకి వెళ్లేవాళ్లం. బ్రూక్ ట్రౌట్ అనే చేపలు ఆ నీళ్లలోనే పుట్టి పెరుగుతాయి. అరచేయంత ఉంటాయి, ఒంటి నిండా ఎర్ర చుక్కలు. పొడి చెయ్యి తగిలితే వాటి ఒంటి మీది జిగురు పోతుందని, ఆయన చెయ్యి తడుపుకుని పట్టుకుని, కాసేపు చూసి వదిలేసేవాడు.

"తినని చేపకి ఇంత తంటా ఎందుకయ్యా?"

"నువ్వు సీరియల్ చూసి ఏం తింటున్నావ్?"

ఆయన పోయాక బేస్‌మెంట్ అద్దెకిచ్చాను. కాలేజీలకి మన పిల్లలు తండోపతండాలుగా దిగుతున్న రోజులవి. వరంగల్ వైపు అమ్మాయి ఒకతె వచ్చింది. నాకు చదువూ లేదు, డ్రైవింగూ రాదు. మందుల సీసా మీద రాసింది తనే చదివి చెప్పేది. వాగుకీ తనే తీసుకెళ్లేది. ఇంట్లో ఎంత తలుచుకున్నా ఆయన గొంతు నాకు గుర్తుకు రాదు. ఆ నీళ్ల పక్కన కూర్చుంటే వస్తుంది.

"ఈ చోటు ఎవరికీ చెప్పకు తల్లీ" అన్నాను. నా నెత్తిన చెయ్యి పెట్టింది.

"మీ మీద ఒట్టు ఆంటీ."

ఆగస్టులో ఒక ఆదివారం స్నేహితులతో నవ్వుకుంటూ వచ్చి, వంటింటి సింక్‌లో కవర్ బోర్లించింది. అన్నీ ఎర్ర చుక్కల చేపలే.

"గ్రూప్‌ల లొకేషన్ పెట్టిన ఆంటీ, రెండు కార్లల్ల పోయినం. జర పులుసు పెట్టుండ్రి. మీ చేతి రుచే వేరు."

"ఒట్టేశావు కదే."

"అందరూ మనోళ్లే కద ఆంటీ. బయటోళ్లకు చెప్పలే."

ఒక చేప మూతికి ఆయన కట్టిన ఈగ ఇంకా గుచ్చుకునే ఉంది. ఆ ఈగ తోకలో జరీ మెరిసింది. గరాజ్‌లో ఉన్న ఆయన గాలాల డబ్బా కూడా నన్ను అడక్కుండానే పట్టుకెళ్లిందన్నమాట.

చంపిన చేపని పారేస్తే ఆయన ఊరుకోడు. చింతపండు నానబెట్టి పులుసు పెట్టాను. వాళ్లు వేళ్లు నాక్కుంటూ తిన్నారు. నేను కొక్కెం తీసి, కడిగి, కొంగుకి తుడిచి దాచుకున్నాను.

"వచ్చే ఆదివారం మళ్ల పోదమా ఆంటీ? మిమ్మల్ని గుడ తీస్కపోతం."

నన్ను అక్కడికి తీసుకెళ్లడానికి తను తప్ప ఇంకెవరూ లేరు.

"మోకాళ్ల నొప్పులమ్మా" అన్నాను. "మీరు వెళ్లి రండి."