సొరుగులో మడుగు

దెయ్యాల కథ మొదలైతే మధ్యలోనే లేచి వెళ్లిపోయే రకం నేను. చదివింది నీటి వనరుల ఇంజినీరింగ్. ఒక అంకె తేడాగా వస్తే కారణం దొరికేదాకా నాకు అన్నం సహించదు. అలాంటిదాన్ని కూర్చుని ఇది రాస్తున్నానంటే నాకే నవ్వొస్తోంది. నవ్వు కంటే కోపం ఎక్కువ వస్తోంది.

మణికొండలో ఉంటాను. ఐటీ కంపెనీల మధ్య ఉన్న ఒక చిన్న కన్సల్టెన్సీలో ఉద్యోగం. తెల్లాపూర్ అవతల ఒక వాగు ఉంది, చివరికి మూసీలో కలుస్తుంది. దాన్ని మళ్లీ బతికించడానికి ప్రణాళిక తయారుచేసే పని మాకొచ్చింది. మా టీమ్ లీడ్‌ది కడప వైపు. శ్రీధర్ అనుకోండి. పని నేర్పింది ఆయనే, అన్నా అని పిలిచేదాన్ని. మా అమ్మ కాకినాడ నుంచి కాజాలు పంపితే మొదటి డబ్బా ఆయనకే వెళ్లేది.

ఆ వాగులో ఒకప్పుడు ఒక చిన్న చేప ఉండేదట. వేలెడంత ఉంటుంది, తోక దగ్గర నల్ల మచ్చ. అంతరించిపోతున్న జాబితాలో ఉంది. మూడు నెలలు తిరిగినా మాకు ఒక్కటీ కనబడలేదు.

చివరికి చూపించింది ఎల్లయ్య. పుట్టినప్పటి నుంచీ ఆ వాగులోనే వల వేసిన ముసలాయన. బండల మధ్య, ఎండాకాలంలో కూడా ఎండని మడుగు ఒకటుంది. దగ్గరికి తీసుకెళ్లి ముందు నా చేతులు తడుపుకోమన్నాడు. పొడి చేత్తో ముడితే చేప బతకదట. తర్వాత దోసిట్లో పెట్టి చూపించాడు.

"నీకొక్కదానికే చూపెడుతున్న బిడ్డా. మా ఇంట్ల గూడ చెప్పలే."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. అక్కడ నీటిమట్టం కొలిచే సెన్సర్ పెట్టాను. పావుగంటకోసారి లోతు, వేడి కొలిచి ఆఫీసుకు పంపుతుంది. ఆ ఎండాకాలం మొత్తం మడుగు లోతు నడుము కంటే తగ్గలేదు. ఆ లెక్కలు, ఆ చేప కలిస్తే చుట్టుపక్కల నేలని ఎవరూ ముట్టుకోకుండా ప్రణాళికలో గీత గీయొచ్చు. నాకు కావలసింది ఆ ఒక్క గీత.

మా పనిలో ఒక పద్ధతుంది. ఎవరూ వెతుక్కుంటూ వెళ్లకుండా, అరుదైన ప్రాణి ఎక్కడుందో పటంలో చుక్క పెట్టకూడదు. పెద్ద గడి గీసి, ఇందులో ఎక్కడో ఉందని వదిలేయాలి. నేనూ అలాగే చేశాను. కానీ అసలు ఫైల్లో చుక్క ఉంచుకున్నాను, పక్కన 'ఎల్లయ్య మడుగు' అని రాసుకున్నాను. శ్రీధర్ అన్న చూసిస్తానంటే ఆ ఫైలే పంపించాను. తుడిచి పంపాలన్న ఆలోచనే రాలేదు. అన్న కదా.

పది రోజుల్లో మడుగుని మట్టితో పూడ్చేశారు.

ఎల్లయ్య రెండు బస్సులు మారి మా ఆఫీసు గేటు దగ్గరికొచ్చాడు. సెక్యూరిటీ వాళ్లు పైకి పంపలేదు, నేనే కిందికి దిగాను. లారీలవాళ్లు పీకి పారేసిన సెన్సర్‌ని కవర్లో చుట్టి తెచ్చాడు. తిడితే బాగుండేది.

"నీకొక్కదానికే చెప్పిన గద బిడ్డా," అని నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆ వారమే, మడుగు పక్కన ప్లాట్లు వేస్తున్న వెంచర్‌వాళ్ల నక్షా ఒకటి మా ఆఫీసుకొచ్చింది. మట్టి ఎక్కడ పోయాలో అందులో గుర్తుపెట్టి ఉంది. పక్కన 'ఎల్లయ్య మడుగు' అని ఉంది. ఆ పేరు పెట్టింది నేను. నా ఫైల్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ ఫైలు పంపింది శ్రీధర్‌కొక్కడికే. ఆ రోజు నుంచి ఆయన్ని అన్నా అని పిలవలేదు.

అసలు సంగతి ఇప్పుడు. ఎల్లయ్య వచ్చి వెళ్లిన రోజే సెన్సర్ బ్యాటరీ నా చేత్తోనే తీసేశాను. సెన్సర్‌ని నా సొరుగులో పెట్టి తాళం వేశాను. బ్యాటరీ నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. మర్నాడు పొద్దున పదకొండింటికి స్క్రీన్ మీద ఆ సెన్సర్ నంబరు పక్కన అంకెలు మొదలయ్యాయి. లోతు నడుము వరకు. పావుగంటకోసారి.

పాత లెక్కలు ఆలస్యంగా వస్తున్నాయనుకున్నాను. సర్వర్ చూసే అతను తేదీలు, టైము చూసి, ఇవి ఇవాళ్టివేనన్నాడు. గురువారం తెల్లాపూర్ వైపు వాన పడింది. సాయంత్రానికి మడుగు జానెడు పెరిగింది. లేని మడుగు. సొరుగు తెరిచి సెన్సర్ పట్టుకుంటే నా వేళ్లకు తడి అంటింది. ఏసీ వల్ల అనుకుని తుడిచాను. మర్నాడు మళ్లీ తడి.

ఇలా పదిహేను రోజులు.

మా ప్రణాళికని చూడటానికి తనిఖీ కమిటీ వచ్చే ముందు రోజు శ్రీధర్ నా సీటు దగ్గరికొచ్చాడు. పూడ్చిన మడుగులో నీళ్లు చూపిస్తే నవ్వుతారన్నాడు. సెన్సర్ మొదటి నుంచీ పనిచేయడం లేదని కాగితం సిద్ధం చేసి తెచ్చాడు. మొదటి నుంచీ అంటే ఎండాకాలం లెక్కలు కూడా పోతాయి. మడుగు ఎప్పుడూ లేనట్టే.

"సంతకం పెట్టేయ్‌మా, మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు.

పెట్టాను. ఉద్యోగ భయం కొంత. నిజం చెప్పాలంటే ఆ అంకెల భయం ఇంకా ఎక్కువ. అవి ఆగిపోతే చాలనిపించింది. అప్పుడు సాయంత్రం నాలుగుంపావు.

నాలుగున్నరకు రావలసిన అంకె రాలేదు. ఆ తర్వాత ఒక్కటీ రాలేదు. సొరుగు తెరిచి చూస్తే సెన్సర్ ఎండిపోయి ఉంది. పైన పట్టిన బురద పొడిపొడిగా రాలింది.

బ్యాటరీ లేకుండా అది ఎలా పనిచేసిందో నాకు తెలియదు. ఇద్దరు ఇంజినీర్లను అడిగాను, వాళ్లకీ తెలియదు. దాన్ని ఎలాగో వదిలేయగలను. నేను సంతకం పెట్టిన సంగతి దానికెలా తెలిసిందన్నది మాత్రం వదలడం లేదు.

ఇప్పటికీ రోజూ పదకొండింటికి ఆ పేజీ తెరిచి చూస్తాను. ఖాళీగా ఉంటుంది. ఎల్లయ్య నా ఫోన్ ఎత్తడు.