రంగుల టీవీలు వచ్చాక మా ఉస్తాద్

పోయిన గురువారం కడప నుంచి ఉత్తరం వచ్చింది. మా ఉస్తాద్ పెద్దకూతురు రాసింది. మధ్యాహ్నం నమాజు చేసి వచ్చి, మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడిగారట. లోటాతో తెచ్చేసరికి ప్రాణం పోయిందట. ఉత్తరం నాకు చేరడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ ఆయన ఉన్నారనే అనుకుంటూ నేను పనికి వెళ్లివస్తున్నాను.

ఇక్కడ షార్జాలో ఆయన్ను ఎరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఆలోచించాను. మేం పనిచేసిన టీవీల దుకాణం చేతులు మారింది. ముదీర్, అంటే మా మేనేజరు, తన దేశం వెళ్లిపోయాడు. చెప్పుకోవడానికి ఎవరూ దొరక్క మీతో చెప్పుకుంటున్నాను.

డెబ్భై ఆరులో నేను జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి వచ్చి ఆ దుకాణంలో పికప్ డ్రైవరుగా చేరాను. ఆయన అక్కడ మెకానిక్. కడపలో రేడియోలు బాగుచేసిన చెయ్యి. అప్పటికే నలభై అయిదు దాటిన మనిషి, తెల్ల చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉండేవి. టీవీ కొన్నవాళ్ల ఇంటికి నేను పెట్టె మోసుకుపోతే, ఆయన మిద్దె ఎక్కి యాంటెన్నా బిగించేవారు. ఏ ఇంట్లోనైనా తెర మీద బొమ్మ నిలిచేదాకా వాళ్లిచ్చే గావా, అదే అరబ్బీ కాఫీ, ముట్టుకునేవారు కాదు. ఇంటివాళ్లు నొచ్చుకుంటారని నేను గొణిగితే, “బొమ్మ రాకముందు తాగితే అది అప్పు తాగినట్టు” అనేవారు.

ఆ రోజుల్లో బొమ్మంటే నలుపూ తెలుపే. ఫుజైరా వైపు కొండలు అడ్డం కాబట్టి అక్కడ అదీ సరిగా వచ్చేది కాదు. కొండల నడుమ ఉన్న మసాఫీ ఊరు దాటి దిగువకు పోయి, పైపు మీద పైపు అతికించి యాంటెన్నా ఎత్తేవాళ్లం. ఒకసారి అక్కడ జాలర్ల వాడలో ఓ ఇంటి ముంగిట్లో టీవీ పెట్టాం. ఆ సాయంత్రం ఫుట్‌బాల్ ఆట ఉంది. వాడంతా చాపలు పరుచుకుని కూర్చుంది. రెండు జట్లూ బూడిద రంగులోనే కనబడుతున్నాయి. పైగా తెర నిండా చుక్కలు. ఎవరు ఎవరో తెలియక జనం గొడవ పడుతుంటే, ఉస్తాద్ టీవీ పక్కన గొంతుక్కూర్చుని, వచ్చీరాని అరబ్బీలో ఒక్కొక్క ఆటగాణ్ణీ చూపించి చెప్పసాగారు. అంత కచ్చితంగా ఎట్లా తెలుస్తున్నదని తర్వాత అడిగాను. రంగు చూడొద్దన్నారు. నడక చూడమన్నారు. ఒకడు కాలు ఈడ్చి పరుగెత్తుతాడు, ఒకడు మలుపు తిరిగే ముందు భుజం దించుతాడు, అది పట్టుకుంటే చాలన్నారు.

ఆ మాట నాకు ఎంతో నచ్చింది. అది ఆయన తప్పనిసరై నేర్చుకున్న విద్య అని అప్పట్లో తెలియదు.

కొన్నాళ్లకు రంగుల టీవీలు మా దుకాణానికీ వచ్చాయి. మొదటిది అద్దం వెనక పెట్టి, ఆట ఉన్న రోజున ఆన్ చేస్తే ఫుట్‌పాత్ మీద జనం నిలబడిపోయారు. పఠాన్లు, మలబారీలు, మన కరీంనగర్ వాళ్లు, అందరూ ఆ పచ్చిక చూసి నోరెళ్లబెట్టారు. ఇసుక తప్ప మరొకటి ఎరగని కళ్లకు అంత పచ్చదనం చూస్తే కడుపు నిండినట్టుండేది. నేనూ చూస్తూ నిలబడి, ఉస్తాద్ కోసం వెనక్కి తిరిగాను. ఆయన లోపల తన బల్ల దగ్గర కూర్చుని పాత సెట్టు విప్పుతున్నారు.

అప్పటి నుంచి ఆయనకు మాటలు తగ్గాయి. వయసు అనుకున్నాను.

ఎనభై రెండు ప్రపంచ కప్ ముందు రంగుల టీవీలు పెట్టెలు దించినంతసేపు నిలవలేదు. కువైట్ కూడా ఆడుతున్నది కదా, ఈ గల్ఫ్ అంతా తమ ఆటే అన్నట్టుగా ఉంది. కువైట్ మొదటి ఆట రోజు ఫుజైరాలో ఓ పెద్దాయన ఇంట్లో సెట్టు బిగించాం. అతిథులు కూర్చునే మజ్లిస్ గది నిండా చుట్టాలు. తెర మీద మైదానం కనబడింది. ఉస్తాద్ చెయ్యి తుడుచుకుని, బ్రహ్మాండంగా ఉందన్నారు. గావా గిన్నె అందుకున్నారు.

తెర కుడి మూలంతా గడ్డి ఎర్రగా ఉంది. కొండదారి కుదుపులకో, ఏ అయస్కాంతం దగ్గర పెట్టినందుకో అప్పుడప్పుడు అట్లా అవుతుంది. తీగచుట్టు రింగును తెర ముందు తిప్పితే పోతుంది. ఆయన ఆ సంగతి నాకన్నా బాగా ఎరుగును. కానీ గావా తాగుతున్నారు. పెద్దాయన కొడుకు నవ్వి, స్పెయిన్‌లో గడ్డి ఎర్రగా మొలుస్తుందా అని అడిగాడు. అందరూ నవ్వారు. ఉస్తాద్ తెరకేసి చూశారు, మళ్లీ నాకేసి చూశారు. ఆ చూపు నేను మరచిపోలేదు. నేను లేచి, పికప్‌లోంచి రింగు తెచ్చి ఆయన చేతికిచ్చి, “కుడి మూల, ఉస్తాద్” అన్నాను మెల్లగా.

తిరుగుదారిలో మసాఫీ దగ్గర బండి ఆపమన్నారు. దిగి, రాతి మీద కూర్చున్నారు.

“చిన్నప్పుడు మా అమ్మ పండు మిరక్కాయలు కోసకరమ్మని చేనుకాడికి పంపితే, పచ్చివీ పండువీ కలిపి తెస్తాంటి. ఆటలోపడి ఏమారినానని కొడతాండె. నాకు రెండూ ఒగటే అబ్బీ. ఇప్పటికీ ఒగటే” అన్నారు.

“మరి ఇన్నేండ్లు పని ఎట్ల చేసిన్రు?”

“మీటరుంది గదా. ముక్కల మీది రంగు గీతలు సూడకుండా, ఏ ముక్కనైనా మీటరుతో కొలుచుకుంటాంటి. నలుపూ తెలుపూ నన్నెప్పుడూ మోసం చేయలా.”

ఆ రోజు నుంచి ఆయన సెట్టు సరిచేస్తుంటే నేను తెర ముందు నిలబడేవాణ్ణి. ఎరుపు ఎక్కువైతే ఎక్కువైందనీ, మనిషి ముఖం మనిషి ముఖంలా ఉంటే చాలనీ చెప్పేవాణ్ణి. అలా చెబుతూ చెబుతూనే పని నేర్చుకున్నాను. ఏ స్క్రూ ఎంత తిప్పాలో, ఎక్కడ చెయ్యి పెడితే షాకు కొడుతుందో అన్నీ ఆయన చెప్పినవే. ఏడాదిన్నర ఎవరికీ తెలియకుండా గడిచింది.

తర్వాత నేను అబూధాబీ అవతల రువైస్‌కు సరుకు తీసుకుపోయి రెండు రోజులు లేనప్పుడు, ఆయన ఒక్కరే ఒక సెట్టు బాగుచేసి పంపారు. అందులో ముఖాలన్నీ ఆకుపచ్చగా వస్తున్నాయని కొన్నవాడు వెనక్కి తెచ్చి గొడవచేశాడు. నేను వచ్చేసరికి ముదీర్ ఉస్తాద్‌ను ఎదురుగా నిలబెట్టి ఉన్నాడు. బల్ల మీద రెండు తీగముక్కలు పెట్టి, ఎర్రది తియ్యమన్నాడు. ఉస్తాద్ వాటిని చూశారు. చెయ్యి చాచలేదు.

ముదీర్ నా వైపు తిరిగి, నీకు ఇది ముందే తెలుసా అని హిందీలో అడిగాడు.

అప్పటికి మా ఇంట్లో రెండో బిడ్డ పుట్టి నెల కాలేదు. కానీ ఆ క్షణంలో బిడ్డ గుర్తొచ్చిందంటే అబద్ధమవుతుంది. ఉత్త భయం, అంతే. “నై మాలూమ్, ముదీర్” అన్నాను.

ఉస్తాద్ నాకేసి చూడలేదు. “ఇస్కో కుఛ్ నై మాలూమ్” అన్నారు. వీడికేమీ తెలియదని నా అబద్ధానికి తనే సాక్ష్యం చెప్పారు.

ఆయనకు నెలరోజుల గడువిచ్చి ఖలాస్ అన్నారు. ఆ బల్ల నాకిచ్చారు. ఆ నెలంతా ఆయన రోజూ నా పక్కన కూర్చుని, నాకింకా రాని పని నేర్పారు. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక, “ఉస్తాద్, ఆనాడు నేను...” అని మొదలుపెట్టాను. నా చేతిలో సాల్డరింగ్ కడ్డీ కాలుతున్నది. “చెయ్యి కాలుతుంది. పని చూడు” అన్నారు. ఆ మాట మళ్లీ ఎత్తనివ్వలేదు. ఊరెళ్లాక నాలుగు ఉత్తరాలు రాశారు. అన్నిట్లోనూ నా పిల్లల క్షేమమే అడిగారు.

ఇప్పుడు ఆయన కూతురు రాసింది: “రంగుల టీవీ పని తనకు నేర్పింది మీరేనని మా నాయన అందరికీ చెప్పేవాడు.” ఆయన ముందు ఒప్పుకోలేని తప్పును ఇవాళ ఇక్కడ ఒప్పుకుంటున్నాను. వినవలసిన మనిషి లేడు.

ఆయన వెళ్లిన రోజు దుబాయ్ ఎయిర్‌పోర్టుకు నేనే పికప్‌లో తీసుకుపోయాను. పొద్దు వాలే ముందరి అసర్ నమాజు అయిన వేళ. సామాను ఒక్క పెట్టె. షార్జా వీధులు దాటుతుంటే అద్దం దించి తల బయటికి పెట్టారు. ఎండ ఏటవాలుగా పడి మిద్దెల మీది యాంటెన్నాలన్నీ మెరుస్తున్నాయి. “అదో, నీళ్ల ట్యాంకు పక్కన కొంచెం వంగినట్టుండేది. అది నేను పెట్టిందే” అన్నారు. ఇంకొంచెం దూరం పోయాక మరొకటి చూపించారు. ఆ తర్వాత చూపించడం మానేసి, గాలికి రెప్పలు ఆర్పుకుంటూ, మిద్దెలు కనబడినంత దూరం వాటినే చూస్తూ కూర్చున్నారు.