మావిస్ పెరటి వంపుల గోడ

క్లెమ్ థర్కెటిల్ ఇంగ్లండులోని మా సఫోక్ పల్లెలో నలభై ఏళ్లు తాపీపని చేశాడు. ఆయన కట్టిన గోడల్లో కూలింది ఒక్కటే. అది మా పక్కింటి మావిస్ బోరెట్ కాలి మీద పడింది.

ఆమె అద్దెకుండే ఆ ఇల్లు జమీందారీ ఎస్టేటుది. పెరటికి అర ఇటుక మందాన గోడ చాలన్నాడు ఎస్టేటు గుమాస్తా. తిన్నగా ఉండాలి, మధ్యలో ఊతానికి దిమ్మెలు వద్దు, చూడ్డానికి బాగుండవన్నాడు. "నిలబడదండీ," అని క్లెమ్ ఒకసారి చెప్పాడు. రెండోసారి చెప్పలేదు. కట్టేశాడు. పందొమ్మిది వందల డెబ్బై ఆరు జనవరిలో పెనుగాలి వీచినప్పుడు, బొగ్గు కోసం పెరట్లోకి వెళ్లిన మావిస్ మీదికి ఆ గోడ ఒరిగిపోయింది. ఆమె మోకాలు మళ్లీ వంగలేదు.

ఆసుపత్రి నుంచి రాగానే ఆమె క్లెమ్‌ని పిలిపించి గోడ మళ్లీ కట్టమంది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

"నా వల్ల కాదు మావిస్. నడుం పోయింది."

"నడుమేనా? నా మోకాలు చూపించనా?"

క్లెమ్ తల దించుకున్నాడు. "అప్పుడే గట్టిగా చెప్పాల్సింది."

"చెప్పలేదుగా. ఇప్పుడు కట్టు. ఈసారి గుమాస్తా మాట కాదు, నీ ఇష్టమొచ్చినట్టు."

ఆయన గూట్లోంచి ఒక పోస్టుకార్డు తీసి బల్ల మీద నిలబెట్టాడు. పడిపోయింది. కాస్త వంచి పెట్టాడు. నిలబడింది.

"ఇటుకలైనా ఇంతే. ఇటో వంపు, అటో వంపు తిప్పితే గాలి ఎటు తోసినా గోడకి ఊతం దొరుకుతుంది. మందం అక్కర్లేదు."

"తాగినోడి నడకలా ఉంటుందేమో!"

"ఉంటుంది. కానీ పడిపోడు."

ఆ వేసవి చుక్క వాన లేదు. ఎండిన ఇటుక సున్నంలోని తడినంతా పీల్చేస్తుంది. అందుకని క్లెమ్ సగం ఇంకిన బాతుల చెరువు నుంచి నీళ్లు మోసి ఇటుకలు తడిపేవాడు. వంపుకి సరిపడా కోసిన చెక్క అచ్చు ఆనించి, తాడుకి కట్టిన గుండు వేలాడదీసి నిలువు చూసుకుంటూ పేర్చేవాడు. రోజుకి మూడు వరసలు వేసేసరికి అలిసిపోయి, మావిస్ కుర్చీ పక్కన నేల మీదే కూలబడేవాడు.

ఆగస్టులో నడుమెత్తు లేచిన ఒక వంపుని ఆయన విప్పడం మొదలుపెట్టాడు.

"అయ్యో, బాగానే ఉందిగా!" అంది మావిస్.

"వంపు చాల్లేదు. పోనీలే అని అప్పుడూ ఊరుకున్నాను."

ఒక్కొక్క ఇటుకా ఊడదీసి, గీకి, మళ్లీ తడిపాడు. ఆ వంపుకే పదకొండు రోజులు పట్టింది. సెప్టెంబరు చివర గోడ పూర్తయింది. ఆ తర్వాత ఆయన తాపీ పట్టలేదు.

ఎనభై ఏడు అక్టోబరు తుఫానుకి మా ఊళ్లో ఓక్ చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. తెల్లవారాక, డెబ్బై అయిదేళ్ల క్లెమ్ పడిపోయిన కొమ్మల మీదుగా కర్ర ఊతంతో మావిస్ పెరట్లోకి వచ్చాడు. గోడ పొడుగునా చెయ్యి రాస్తూ, ప్రతి వంపు దగ్గరా ఆగుతూ చివరిదాకా నడిచాడు. ఎక్కడా బీట లేదు.

"ఏమయ్యా, ఇప్పుడైనా సంతోషమేనా?" అని కుర్చీలో కూర్చునే అడిగింది మావిస్.

"ఆ ఖాళీ కుర్చీ నీ పక్కకి జరుపు మావిస్," అన్నాడు. "కాసేపు కూర్చుంటాను."