పబ్‌కు ఎనిమిది నిమిషాల నడక

2006లో నేను సింగపూర్‌లో, చాంగీ బిజినెస్ పార్క్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా పనిచేసేదాన్ని. ఉండేది బుకిట్ బటోక్‌లో. రెండుసార్లు రైలు మారి ఎక్స్‌పో స్టేషన్‌లో దిగేసరికి ఈ దేశాన్ని పడమటి నుంచి తూర్పుకు దాటేసినట్టే. ఐటీకి పని వెల్లువలా వస్తున్న రోజులవి. ఆఫీసులో సగం కుర్చీల నుంచి తెలుగు వినిపించేది.

ప్రోగ్రాము రాసేవాళ్లు డెవలపర్లు. అది జనం చేతికి వెళ్లేలోపు తప్పులు పట్టుకునేవాళ్లం మేము. మేం పట్టుకున్న తప్పును బగ్ అంటారు. దాన్ని రాసి పంపడం మా పని, సరిచేయడం వాళ్ల పని. ఈ రెంటి మధ్య కాస్త ఘర్షణ ఎప్పుడూ ఉంటుంది. వడ్డించిన కూరలో ఉప్పెక్కువైందని చెప్పే మనిషి మీద వంటవాళ్లకు ప్రేమ ఎందుకుంటుంది?

ఆ ఏడాది మాకు బ్రిటన్ నుంచి ఒక వెబ్‌సైట్ పని వచ్చింది. అక్కడ ఊరూరా చిన్నచిన్న పండుగలు జరుగుతాయి. ఒక ఊళ్లో గొర్రెల సంత, ఇంకో ఊళ్లో పడవ పందేలు, మరో ఊళ్లో ఆపిల్ కోతల సంబరం. పండుగ పేరు కొడితే దాని దగ్గర చూడదగ్గ పబ్‌లు వరుసగా రావాలి. ఏ పబ్‌లో భోజనం బాగుంటుంది, దేనిలో గదులున్నాయి, దేనిలోకి కుక్కను రానిస్తారు, ఎంత దూరం నడవాలి, అన్నీ కనిపించాలి.

నేను జన్మలో పబ్ గుమ్మం తొక్కలేదు. మొదట్లో మా ఊరి బ్రాందీ షాపు లాంటిదేమో అనుకున్నాను. వందల కొద్దీ వివరాలు చదివాక తెలిసింది, అది ఊరందరికీ రచ్చబండ లాంటిదని. ముసలమ్మలు ఆదివారం భోజనానికి వస్తారు, పిల్లలు వస్తారు, చలికాలంలో నెగడు చుట్టూ చేరి కబుర్లు చెప్పుకుంటారు.

సైట్ గురువారం విడుదల కావాలి. ఆ శనివారమే సీజన్‌లో మొదటి పెద్ద పండుగ. నైరుతి తీరంలో, సముద్రంలో కలిసే ఒక నది ఒడ్డున జరిగే ఆలుచిప్పల పండుగ. క్లయింట్ అప్పటికే పత్రికల్లో ప్రకటనలు ఇచ్చేశాడు.

మంగళవారం మధ్యాహ్నం ఆ పండుగ పేజీ తెరిచాను. మొట్టమొదటి పబ్ ఎదురుగా ‘0.4 మైళ్లు, ఎనిమిది నిమిషాల నడక’ అని వచ్చింది. నా బల్ల మీద లైబ్రరీ నుంచి తెచ్చుకున్న బ్రిటన్ రోడ్ల మ్యాపుల పుస్తకం ఉంది. అందులో చూస్తే పండుగ ఈ ఒడ్డున, పబ్ ఆ ఒడ్డున. మధ్యలో నీలం రంగు. ఎక్కడా వంతెన గీత లేదు.

మాది కోనసీమ. మా మేనత్త ఊరు గోదావరి పాయకు అవతల. వాళ్ల తీర్థంలో మైకు పెడితే మా అరుగు మీదకు వినిపించేది. జనాన్ని దాటించే పంటు తప్పిపోయిందా, వంతెన దాకా వెళ్లి చుట్టి రావడానికి ఒక పూట పట్టేది. అందుకే ఆ నీలం రంగు చూడగానే నా చెయ్యి ఆగింది. బగ్ రాసి, అన్నిటికన్నా పై స్థాయి తీవ్రత పెట్టి పంపాను.

అరగంటలో తిరిగొచ్చింది. ‘యాజ్ డిజైన్డ్’ అని దాని మీద ముద్ర. అంటే, అనుకున్న ప్రకారమే ఉంది, తప్పు కాదు అని. ఆ భాగం రాసింది సుధాకర్. కడప అబ్బాయి, పనిమంతుడు. నేరుగా అతని సీటు దగ్గరికే వెళ్లాను.

“లెక్కలో తప్పేం లేదక్కా,” అన్నాడు. “రెండు చోట్ల అక్షాంశాలు, రేఖాంశాలు వాళ్లే ఇచ్చినారు. నేను మధ్యన దూరం తీసినా. ఏం చేయాలో వాళ్లు రాసిచ్చిన స్పెసిఫికేషన్‌లో దూరం అనే ఉండాది గానీ దారి అని యాడా లేదు.”

“దూరం సరే, మధ్యలో నదుంది కదా సుధాకర్. మనిషెలా వెళ్తాడు?”

“ఏరుంటే ఏమక్కా, దాటుకుంటారు.”

మేనేజర్ డెరిక్ దగ్గరికి వెళ్లాను. సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన చైనీస్ మనిషి, యాభై ఏళ్లుంటాయి. మాట కరుకే కానీ అన్యాయస్తుడు కాదు. “ఇన్ని వేల పబ్‌లలో ఒక్కదాని కోసం విడుదల ఆపమంటావా లక్ష్మీ? క్యానాట్ లా, కుదరదు. జనానికి కళ్లుంటాయి. నీళ్లు కనబడితే ఎవరు నడుస్తారు? వచ్చే నెల సరిచేద్దాం,” అన్నాడు.

నిజమే, నీళ్లు కనబడితే ఎవరూ దిగరు. సీటుకు వచ్చి కూర్చున్నాను కానీ మనసు ఒప్పుకోలేదు. సైట్ లిస్టులో ఉన్న పబ్‌లవాళ్లతో మేం నేరుగా మాట్లాడకూడదని ఆఫీసు నియమం. ఉద్యోగం పోతే నా వీసా కూడా పోతుంది. అయినా ఐదు గంటలకు టీ కలుపుకునే ప్యాంట్రీలోకి వెళ్లి, నా సొంత ఫోన్ నుంచి ఆ పబ్‌కు కాల్ చేశాను. అక్కడ అప్పుడు ఉదయం పది.

ఎత్తినావిడ పేరు డోరీన్. భర్త పోయాక ఆ పబ్‌ను ఒక్కతే నడుపుతోంది. నేనెవరో చెప్పి, పండుగ జరిగే మైదానం అక్కడికి ఎంత దూరమని అడిగాను.

“మా కిటికీలోంచి టెంట్లు కనిపిస్తాయమ్మాయీ. కారులో రావాలంటే మాత్రం యాభై నిమిషాలు.”

“మధ్యలో నీళ్లున్నాయి కాబట్టి ఎవరూ నడిచి రారు కదండీ?”

“నీళ్లు ఎప్పుడూ ఉండవు. రోజుకు రెండుసార్లు పూర్తిగా వెనక్కి పోతాయి. అప్పుడు బురద బయటపడుతుంది. చూడ్డానికి గట్టి ఇసుకలా ఉంటుంది. నడుము దాకా దిగబడ్డాక గానీ తెలియదు. మూడేళ్ల కిందట ఒకాయన అలాగే చిక్కుకున్నాడు. పోటు ముంచుకొచ్చే ముందు పడవవాళ్లు లాగారు. నువ్వెందుకు అడుగుతున్నావు?”

“ఈ శనివారం నీళ్లు పోయేది ఎప్పుడండీ?”

గోడ మీది ఆటుపోట్ల పట్టిక చూసి చెప్పింది. “మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు.”

సరిగ్గా భోజనాల వేళ. ఆకలేసిన వాళ్లు మా పేజీ తెరుస్తారు. ఎనిమిది నిమిషాల నడక అని ఉంటుంది. ఎదురుగా పబ్ కనిపిస్తూ ఉంటుంది. మధ్యలో నీటి చుక్క ఉండదు.

డెరిక్ గదిలోకి వెళ్లి ముందు నా తప్పు ఒప్పుకున్నాను. ఆయన మొహం ఎర్రబడింది. “నిన్ను ఎవరు ఫోన్ చేయమన్నారు?” అన్నాడు. చీవాట్లు పూర్తయ్యేదాకా నిలబడి, డోరీన్ చెప్పింది చెప్పాను. బురద అనగానే ఆయన పెన్ను కింద పెట్టాడు. స్పీకర్ ఆన్ చేసి ఆవిడకు మళ్లీ ఫోన్ చేయమన్నాడు. మొత్తం విని, థాంక్స్ చెప్పి పెట్టేశాడు.

“చిన్నప్పుడు ఇక్కడ క్రాంజీ తీరపు బురదలో మా నాన్నతో పీతలు పట్టేవాణ్ణి,” అన్నాడు. “ఒకసారి తొడ దాకా దిగిపోయాను. నాన్న ఒక చెక్క పలక మీద పాక్కుంటూ వచ్చి లాగాడు.” పెన్ను మళ్లీ అందుకుని, “ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?” అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి మాకు రెండు రోజులు కూడా లేవు. డెరిక్ క్లయింట్‌కు ఫోన్ చేసి, ఇది సరిచేయకుండా విడుదల చేయబోమని తేల్చి చెప్పాడు. అవతల గొంతు పెరిగింది. ఈయన గొంతు పెరగలేదు, మాట మార్చలేదు.

సుధాకర్ అంతా విన్నాడు. “మా పక్క ఏరెండితే అదే దారక్కా. బండ్లు గూడా దాటిపోతాయి. నీళ్లు పోయినాక ఇంకా ప్రమాదముంటాదని నాకు తట్టనే లేదు,” అన్నాడు. తర్వాత వాదించలేదు. తీరం పక్క, నదుల పక్క జరిగే పండుగలన్నీ ఏరి, వాటికి దగ్గరని చూపిస్తున్న పబ్‌ల జాబితా తీసే చిన్న ప్రోగ్రాము ఆ సాయంత్రమే రాశాడు. మర్నాడంతా నేను మ్యాపు ముందు, అతను కంప్యూటర్ ముందు. నేను ఒక్కో జత చదువుతుంటే అతను గుర్తు పెట్టాడు. మధ్యలో నీళ్లున్నవి పదిహేడు తేలాయి. వాటన్నిటికీ నడక తీసేసి, రోడ్డు దూరం పెట్టాం. పైన ఎర్ర అక్షరాలతో ‘అవతలి ఒడ్డున ఉంది. నీళ్లు తగ్గినా నడిచి దాటవద్దు’ అని రాశాం.

బుధవారం డోరీన్‌కు మళ్లీ ఫోన్ చేశాను, ఈసారి అనుమతితోనే. పోటు సమయంలో తమ ఊరి పడవ మనిషి జనాన్ని దాటించగలడని ఆవిడ చెప్పింది. సుధాకర్ వెంటనే ఆ పేజీలో ‘సాయంత్రం నాలుగున్నర నుంచి పడవ’ అని చేర్చాడు. అది మాకు అప్పజెప్పిన పనిలో లేదు. డెరిక్ చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు. గురువారం మధ్యాహ్నం, చెప్పిన వేళకే సైట్ విడుదలైంది.

శని, ఆదివారాలు నాకు వంట మీద ధ్యాస లేదు. సోమవారం సాయంత్రం డెరిక్ గది నుంచి కేక వినిపించింది. స్పీకర్‌లో డోరీన్. మేం ముగ్గురం ఆ ఫోన్ చుట్టూ నిలబడ్డాం.

“మీరు వింటున్నారా?” అంది. “నా పబ్‌లో అంతమంది జనాన్ని మా ఆయన బతికుండగా కూడా చూడలేదు. పడవ ఆగలేదు. వండినవన్నీ అయిపోతే చివరికి బ్రెడ్డూ చీజూ పెట్టాను. ఎవరూ అలగలేదు.”

మేం నవ్వుతుండగా ఆవిడ గొంతు నెమ్మదించింది.

“ఒక తాతగారు ఇద్దరు మనవలతో వచ్చాడు. ఒంటిగంటప్పుడు అవతలి ఒడ్డున నిలబడ్డాడట. పిల్లలు ఆకలని గోల. ఎదురుగా మా పబ్. బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడట కూడా. ఇంటి దగ్గర ప్రింట్ తీసుకున్న మీ కాగితం మనవరాలి చేతిలో ఉంది. ఆ పిల్ల ఎర్ర అక్షరాలు పైకి చదివిందట. బూట్లు మళ్లీ తొడుక్కుని, పండుగలోనే తిని, సాయంత్రం పడవలో వచ్చారు. ఆ కాగితం నాకిచ్చి వెళ్లాడు. గోడకు అంటించాను.”

డెరిక్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. సుధాకర్ నా వైపు తిరిగి, “అక్కా, ఆ బగ్ మీద నేనేసిన ముద్ర తీసేస్తా,” అని వెంటనే సీటుకు వెళ్లి నిజంగానే తీసేశాడు.

ఆ తర్వాత మా ఆఫీసులో రెండు మార్పులు వచ్చాయి. స్పెసిఫికేషన్‌లో దూరం అని రాసిన ప్రతిచోటా, ఏ దారిన అని కూడా రాయాలన్నారు. ఇక టెస్టర్ల బల్ల మీద విదేశాలకు మాట్లాడే ఫోన్ ఒకటి పెట్టారు. లిస్టులో ఉన్నవాళ్లతో మాట్లాడాలనిపిస్తే డెరిక్‌కు ఒక మాట చెప్పి మాట్లాడవచ్చు.

తర్వాత నా చేతికింద చాలామంది కొత్త టెస్టర్లు పని నేర్చుకున్నారు. తెర మీది అంకె సరైనదో కాదో కంప్యూటరే చెప్తుందని వాళ్లకు చెబుతాను. దాన్ని నమ్మి ఒక మనిషి అడుగు వేస్తే ఆ కాలు ఎక్కడ పడుతుందో చూడటానికే మనకు జీతం ఇస్తున్నారని కూడా చెబుతాను.