మూర్తి అంకుల్ పెయ్యలు, రే లారీ

2025 వేసవి మొదలు. టెక్సస్‌లో, ప్లేనో నుంచి ఉత్తరంగా గంటసేపు డ్రైవ్ చేస్తే పచ్చిక భూములు వస్తాయి. అక్కడ నేను పశువుల డాక్టర్ని. మనవాళ్ల పార్టీల్లో ఆ మాట అనగానే ఎవరో ఒకరు ఫోన్ తీసి తమ కుక్క ఒంటిమీది దురద చూపిస్తారు. కుక్కలు కాదండీ బాబూ, ఆవులు!

ఆ ఏడాది మాత్రం అందరిదీ ఒకటే ప్రశ్న. బీఫ్ ధర ఎందుకలా మండిపోతోంది? తిననివాళ్లకే కుతూహలం ఎక్కువ. కరువు ఏళ్లలో గడ్డి లేక రైతులు ఆవుల్ని అమ్ముకున్నారు, దాంతో దూడలు తగ్గాయి. పాలు మానిపించి ఫీడ్‌లాట్‌కి పంపే పశువుల్ని ఫీడర్ క్యాటిల్ అంటారు. అక్కడ దాణా తిని బరువెక్కాక మాంసానికి పోతాయి. మంద మళ్లీ పెరగాలంటే పెయ్యల్ని అమ్మకుండా ఉంచుకోవాలి. ఉంచుకుంటే సంతకు వచ్చేవి ఇంకా తగ్గి ధర ఇంకా పెరుగుతుంది. ఆ ధర చూస్తే అమ్మేయాలనిపిస్తుంది. తమాషా అంతా అక్కడే ఉంది.

మూర్తి అంకుల్ రిటైరైన హార్ట్ డాక్టర్. పశువులుంటే భూమి పన్ను తగ్గుతుందని పొలంలో ఆవుల్ని పెట్టారు. వాటి బాగోగులు పక్క రాంచ్ ఆయన రే చూస్తాడు, అమ్మకంలో సగం అతనిది. ఏటా రే లారీ వచ్చి దూడల్ని తీసుకెళ్తుంది. ఆ పొద్దున అంకుల్ ఇంట్లోంచి బయటికి రారు. అవి ఎక్కడికి వెళ్తాయని ఎన్నడూ అడగలేదు. నాకది చిరాకుగా ఉండేది.

ఆ వేసవిలో ఒకరోజు పెయ్యలకు అల్ట్రాసౌండ్ చేయమని పిలిచారు. చూడి కట్టినవి మందలో ఉంటాయి. కట్టనివాటిని ఓపెన్ అంటాం, అవి లారీ ఎక్కుతాయి. ఒక్కొక్కటే చూడి అని తేలుతుంటే అంకుల్ మొహం వెలిగిపోతోంది. చివర్లో బుజ్జి వచ్చింది. తల్లి చచ్చిపోతే ఆయనే సీసాతో పాలు పట్టి పెంచిన ఎర్ర పెయ్య. స్క్రీన్ మీద ఏమీ కనబడలేదు.

“ఏమ్మా, సరిగ్గా చూశావా?”

“చూశాను అంకుల్. ఓపెన్‌లాగే ఉంది. మరీ తొలిరోజులైతే కనబడదు, అంతే.”

పక్కనే ఉన్న రేకి తెలుగు రాకపోయినా ఆయన గొంతు తగ్గించారు. “డౌట్ ఉందిగా. చూడి అని చెప్పెయ్యి.”

“డౌట్‌గా ఉన్న గుండె ఎకోని నార్మల్ అని మీరెప్పుడైనా సైన్ చేశారా?”

“నువ్వు మరీనమ్మా!” అని మొహం తిప్పుకున్నారు. పాపం అనిపించింది. రేకి సగం డబ్బిచ్చి ఉంచేసుకోవచ్చు కదా అని మీరనుకోవచ్చు. అలా అడగాలంటే లారీ ఎక్కడికి వెళ్తుందో తెలుసని ఒప్పుకోవాలి. అదే ఆయనకు కష్టం.

“నెల తర్వాత మళ్లీ చూస్తాను, అప్పుడు చెప్పిందే ఫైనల్” అన్నాను. గడ్డి దండగ అని గొణుగుతూనే రే ఒప్పుకున్నాడు.

నెల తర్వాత వెళ్లేసరికి కోడెదూడలు అప్పటికే లారీలో ఉన్నాయి. బుజ్జిని చూశాను. ఓపెన్. ఈసారి డౌట్ లేదు.

రే ఖుషీగా ఉన్నాడు. “ఆగినందుకు లాభమే, డాక్. చుట్టుపక్కల వాళ్లు పెయ్యల్ని అమ్మట్లేదు, ధర ఇంకా ఎక్కింది. ఇదీ బరువెక్కింది.”

అంకుల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఈ లారీ ఎక్కడికి వెళ్తుంది, రే?”

రే ఒకసారి నా వైపు చూసి, సంత, ఫీడ్‌లాట్, ఆ తర్వాతది, అంతా చెప్పాడు. అంకుల్ చివరిదాకా విన్నారు. “దీని ధరలో నీ సగం నేనిస్తాను. ఇది ఇక్కడే ఉంటుంది” అన్నారు. రే సరేనన్నాడు.

లారీ కదిలింది. ఆ పొద్దున అంకుల్ ఇంట్లోకి వెళ్లలేదు.

“అందులో ఉన్నవి కూడా బుజ్జిలాంటివే కదమ్మా?”

“అవును అంకుల్” అన్నాను.

ధర ఎప్పుడు దిగుతుందని పార్టీల్లో ఇప్పటికీ అడుగుతారు. ఉంచుకున్న పెయ్యలు ఈని, వాటి దూడలు పెరిగేదాకా, కొన్నేళ్లు పడుతుందంటాను. సప్లయ్ అంటే వాన, గడ్డి, దాణా అనుకునేదాన్ని. ఒక మనిషి ఏం అడుగుతాడో, ఏం అడక్కుండా ఉంటాడో కూడా అందులో ఉందని ఆ పొలంలోనే తెలిసింది. వచ్చే ఏడు లారీ తీసుకురానా అని రే అడిగాడట. అంకుల్ ఇంకా జవాబు చెప్పలేదు.